డల్సీ ఆంటీ హెడ్‌సెట్ల బీరువా

ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ విమానాశ్రయంలో పెద్ద విమానాలు ఆగే వైపు అందరికీ తెలుసు. దాని వెనక, మడ అడవి వైపు, రేకుల కప్పు కింద మా హ్యాంగరు ఉంది. అందులో టైర్లు పేర్చిన మూల ఒక ఆకుపచ్చ ఇనప బీరువా, బీరువా ముందు ఒక స్టూలు, స్టూలు మీద డల్సీ గెబాడీ. ఇరవై రెండేళ్ళుగా ఆ చోటు ఆమెదే. కాగితం మీద ఆమె ఉద్యోగం సామాన్ల గదిలో గుమస్తా. చేసే పని వేరు. కేప్ యార్క్ ఊళ్ళకీ, టోరెస్ జలసంధి దీవులకీ పంకాల విమానాలు నడిపే మా చిన్న కంపెనీలో ఏ పైలట్ చెవుల మీద ఏ హెడ్‌సెట్ ఉండాలో తేల్చేది ఆమె. పైలట్ల నుంచి నేల ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆమె ఆంటీయే.

హెడ్‌సెట్లు తేల్చే అధికారం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వలేదు కాబట్టి తీసెయ్యడం కూడా ఎవరివల్లా కాలేదు. ఏడాదికోసారి బ్రిస్బేన్ ఆఫీసు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక మేనేజరు దిగుతాడు. ప్రతి ఏడూ మనిషి మారతాడు గాని మాట మారదు.

"డల్సీ, అందరికీ ఒకే రకం కొనేద్దాం. అన్నిట్లోకీ మంచిదేదో నువ్వే చెప్పు" అంటాడు.

"నీ బూటు సైజెంత?"

"పది."

"అయితే పైలట్లందరికీ పది సైజు బూట్లు కొనుక్కురా. వాళ్ళు వేసుకుని నడవగలిగితే అప్పుడు హెడ్‌సెట్ల సంగతి చూద్దాం."

మేనేజరు నవ్వలేక నవ్వి, మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోతాడు.

పంకాల విమానంలో కూర్చున్నవాళ్ళకి ఆ మోత ఏమిటో తెలుసు. ఎముకల్లో దూరి కూర్చుంటుంది. రోజుకి నాలుగు ప్రయాణాలు చేసే పైలట్‌కి సాయంత్రానికల్లా తల దిమ్మెక్కిపోతుంది. దాన్ని అణచడానికే ఈ హెడ్‌సెట్లు. లోపల ఒక చిన్న మైకు ఉంటుంది. అది మోతని విని, దానికి సరిగ్గా ఎదురు మోత పుట్టిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. మిగిలేది రేడియోలో మాట. అంతవరకూ బాగానే ఉంది. కాని కుర్ర పైలట్లు ఏం చేస్తారు? దుకాణానికెళ్ళి, చల్లటి గదిలో, ఈగ మోత కూడా లేని చోట దాన్ని చెవులకి తగిలించుకుని, అబ్బ ఎంత హాయిగా ఉందో అనుకుని కొనుక్కొస్తారు. చప్పుడు లేని చోట చప్పుడు వినపడకపోవడం కూడా ఒక గొప్పేనా? డల్సీ ఆంటీ ఈ మాట వాళ్ళ మొహం మీదే అడిగేస్తుంది.

ఆమె పరీక్ష ఆమెది. మంగళవారాలు మెకానిక్కులు ఇంజన్లు తిప్పి చూసే వేళకి పైలట్‌ని తీసుకెళ్ళి కాక్‌పిట్‌లో కూలేస్తుంది. రోజూ పెట్టుకునే కళ్ళజోడే పెట్టుకోవాలి. జుట్టు రోజూ వేసుకునే ముడే వేసుకోవాలి. చేతిలో క్యాంటీన్ నుంచి తెచ్చిన వేడి వేడి మీట్ పై, అంటే మాంసం కూరి కాల్చిన రొట్టె, ఒకటి పెడుతుంది. అది తింటూ వినాలి. తను వెనక సీట్లో కూర్చుని, కాగితం చూసి, రేడియో పిలుపుల్లాంటివి నలభై మైకులో చదువుతుంది. నమిలితే దవడ కదులుతుంది. దవడ కదిలితే చెవి చుట్టూ ఉండే మెత్త కదులుతుంది. మెత్త కింద సందు పడిందా, మోత సరాసరి లోపలికి దూరిపోతుంది. ఈ తిండి పరీక్షలో తప్పిన హెడ్‌సెట్ ఎంత ఘనమైనదైనా సరే, ఆ మనిషికి అది వద్దని చెప్పేస్తుంది. మూడు వారాల తర్వాత ఆ మనిషే వచ్చి, "ఆంటీ, మీరు చెప్పింది నిజమే" అంటాడు.

ఇంకో సంగతి. డల్సీ ఆంటీకి ఎడమ చెవి వినపడదు. ఇందులో దాపరికమేమీ లేదు, హ్యాంగర్లో అందరూ ఆమె కుడిపక్కకి వచ్చే మాట్లాడతారు. ఎందుకలా అయిందని అడిగితే మాత్రం చెప్పదు. "పనిచేసేది ఒకటుందిగా, నీ పని చెప్పు" అంటుంది. తనకి సరిగా వినపడని మోతని ఎదుటివాళ్ళ మొహంలో పట్టేస్తుంది. కనుబొమ ఎప్పుడు ముడిపడింది, నమలడం ఎప్పుడు ఆగింది, మాట కోసం తల ఎటు వంగింది, ఇవే ఆమెకి లెక్క. రెండు చెవులూ ఉన్న మనం ఇందులో సగం కూడా చూడం. నిజం చెప్పాలంటే ఆ బీరువా దగ్గర ఆమెని చూసినప్పుడల్లా, చదువుకున్నవాళ్ళమని చెప్పుకోవడానికి మాకు కాస్త మొహమాటంగానే ఉండేది.

కిందటేడు మార్చిలో మా కంపెనీలో తలీటా అనే అమ్మాయి చేరింది. ఇరవై ఆరేళ్ళు. జలసంధిలో తూర్పువైపు రన్‌వే కూడా లేని చిన్న దీవి పిల్ల. ఆ దీవి నుంచి పైలట్ అయిన మొదటి మనిషి. కుడి సీట్లో కూర్చునే కో-పైలట్‌గా శిక్షణంతా అయింది, చివరి పరీక్షే మిగిలింది. అది రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇంటికి పంపేస్తారు, అది కంపెనీ రూలు.

పరీక్ష చేసేది కెప్టెన్ ట్రెంబాత్. మంచివాడే, కాని రూలు దగ్గర మొండి. రెండోసారి పిల్లని ఫెయిల్ చేసిన రోజు ఆయనే వచ్చి బీరువా ముందు టైరు మీద చతికిలపడ్డాడు.

"చెయ్యి బంగారం ఆంటీ ఆ పిల్లది. గాలివానలో కూడా విమానాన్ని పువ్వులా దింపింది. కాని రేడియోలో పిలిస్తే పలకదు. ఇవాళ నాలుగుసార్లు. పక్కన నేనుండి అందుకున్నాను గాని..."

"హెడ్‌సెట్ చూశావా?"

"చూడకుండా ఉంటానా? నేనే పెట్టుకుని జలసంధిలో హార్న్ ఐలండ్ దాకా వెళ్ళొచ్చాను. గంట కొట్టినట్టు వినపడింది. దాంట్లో లోపమేం లేదు."

డల్సీ ఆంటీ ఆయన నున్నటి గుండుని ఎగాదిగా చూసింది.

"నీ తలకి వెంట్రుక లేదు, ముక్కుకి కళ్ళజోడు లేదు. గుమ్మడికాయ మీద ఏం బోర్లించినా అతుక్కుంటుంది. నీకు వినపడితే ఆ పిల్లకీ వినపడాలని ఎక్కడుంది?"

"మరయితే తనే చెప్పొచ్చుగా, వినపడ్డం లేదని?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. మంగళవారం పంపు."

మంగళవారం తలీటా వచ్చింది. చూడగానే ముచ్చటేసే పిల్ల, అడిగినదానికి తప్ప నోరు విప్పదు. మందపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు, మెడ మీద ఒత్తుగా పెద్ద ముడి. చేతిలో హెడ్‌సెట్ పెట్టె. దాన్ని బీరువా మీద ఊరికే పెట్టలేదు, ముందు చేత్తో దుమ్ము తుడిచి పెట్టింది. డల్సీ ఆంటీ అది గమనించింది.

"ఎవరిచ్చారు?"

"మా దీవివాళ్ళు."

మెల్లగా లాగితే అంతా బయటికొచ్చింది. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందని తెలిసిన ఆదివారం చర్చిలో ఇంటింటివాళ్ళూ తలా కాస్తా వేసి ఇది కొన్నారు. ఏది కొనాలో ఎవరిని అడగాలి? ఆ దీవికి వచ్చేది హెలికాప్టరొక్కటే. దాని పైలట్‌ని అడిగారు, అన్నిట్లోకీ మంచిదేదయ్యా అని. ఆయన పాపం ఉన్నమాటే చెప్పాడు, తను పెట్టుకునే రకమే రాసిచ్చాడు. అందులోనే విమానానికి పనికొచ్చేది తెప్పించారు. మంచిదే, సందేహం లేదు. కాని ఆ పిల్ల తలని ఎవరూ అడగలేదు.

ఇంజన్లు తిరిగాయి. తలీటా కుడి సీట్లో కూర్చుని మీట్ పై తింటోంది. డల్సీ ఆంటీ వెనక నుంచి పిలుపులు చదవడం మొదలుపెట్టింది. మొదటి పదీ చక్కగా అందుకుంది. "కుడి రెక్క చివర చూస్తూ ఉండు" అంది ఆంటీ. పిల్ల తల తిప్పింది. ఆ వెంటనే పిలిచిన పిలుపుకి పలకలేదు. మళ్ళీ ముందుకి తిరిగింది, పలికింది. నలభై అయ్యేసరికి ఏడు తప్పాయి. ఏడూ తల కుడికి తిరిగినప్పుడే.

డల్సీ ఆంటీ ముందుకి వంగి, పిల్ల ఎడమ చెవి మీద ఉన్న మెత్త చుట్టూ వేలికొస నడిపింది. కళ్ళజోడు కాడ దూరిన చోట ఒక సందు. తల తిప్పమంది. దవడ వెనక గుంట పడి, ఆ సందు అగ్గిపుల్ల పట్టేంత అయింది. మోత లోపలికి దూరినప్పుడల్లా లోపలి యంత్రం కంగారుపడి ఒక్క క్షణం బుర్రుమంటోంది. ఆ ఒక్క క్షణమే కొంప ముంచేది. రేడియోలో ముందు విమానం పేరు పిలుస్తారు, తర్వాతే సంగతి చెప్తారు. పేరు వినపడకపోతే మిగతాది ఎవరికో అనుకుని ఊరుకుంటాం.

ఇంజన్లు ఆపించి అడిగింది.

"తల తిప్పితే బుర్రుమంటుందని ఎవరికీ చెప్పలేదేమే?"

"అది ఇంజన్ చప్పుడనుకున్నా ఆంటీ. అందరికీ అంతే వినపడుతుందేమో, నేనే సరిగా వినట్లేదేమో అనుకున్నా."

ఇన్నాళ్ళుగా ఆ పిల్ల తనని తాను తిట్టుకుంటూ బతికిందన్నమాట.  "నోరెందుకిచ్చాడే దేవుడు" అని కసిరింది ఆంటీ.

తర్వాత రెండు రోజులూ బీరువా తలుపులు మూతపడలేదు. బహుమతి హెడ్‌సెట్‌నే ఎలాగైనా నిలబెట్టాలని చూసింది ఆంటీ. సన్నటి తీగ కాడల కళ్ళజోడు పెట్టించింది. మెత్తలు మార్చి జిగురులాంటి మెత్తటివి వేసింది. ముడి కిందికి దింపించింది. మెకానిక్కుల్ని బతిమాలి రోజూ ఇంజన్లు తిప్పించింది. ఏడు తప్పులు మూడుకి దిగాయి. మూడు దగ్గర ఆగిపోయాయి. ప్రయాణికుల్ని వెనకాల కూర్చోబెట్టుకుని నలభైలో మూడు తప్పడమంటే మాటలు కాదు.

చివరికి పై అర నుంచి ఒక చిన్న డబ్బా తీసింది. చెవి లోపలికి దూరే రకం. రెండు మెత్తటి రబ్బరు మొగ్గలు, ఒక సన్నటి తీగ, పెదవి దగ్గరికి వచ్చే మైకు. కళ్ళజోడుతో పనిలేదు, జుట్టుతో పనిలేదు. కంపెనీ పుస్తకంలో అనుమతి ఉన్నదే. చూడ్డానికి మాత్రం ఏమీ ఉండదు, పెట్టుకున్నారో లేదో కూడా తెలీదు. ఇంజన్లు తిరిగాయి, మీట్ పై తింది, తల అటూ ఇటూ తిప్పింది. నలభైకి నలభై.

తలీటా మొహం వెలిగిపోయింది. "ఇంత స్పష్టంగా వినపడుతుందా ఆంటీ అందరికీ" అంది. అంతలోనే ఆ మొగ్గలు తీసి డబ్బాలో పెట్టేసింది.

"దీంతో నేను ఎగరలేను."

"ఏం?"

"ఆ పెద్దది మా అమ్మమ్మ తన చేత్తో నా తల మీద పెట్టింది. చర్చిలో, అందరి ముందూ. మా దీవిలో పెద్దవాళ్ళు తలమీద పెట్టింది పెద్దవాళ్ళే తియ్యాలి. నాట్యానికి పెట్టే ఈకల కిరీటమైనా అంతే. నా అంతట నేను తీసి పక్కన పడేసి ఇంకోటి పెట్టుకుంటే వాళ్ళని కాదన్నట్టే."

"పరీక్ష తప్పితే?"

"తప్పితే నేను తప్పినట్టు. అది నా ఒక్కదానికే సిగ్గు."

"మీ అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్పు మరి."

తలీటా ఆమె వంక వింతగా చూసింది. "ఫోన్లోనా ఆంటీ? మీరిచ్చింది బాలేదని?"

డల్సీ ఆంటీది వేరే దీవి, ఆ ఆచారం వాళ్ళకి లేదు. కాని ఆ సిగ్గేమిటో ఆమెకి బాగా తెలుసు. పరీక్ష వచ్చే గురువారం. మధ్యలో ఉన్నవి ఆరు రోజులు.  ఆ రోజు ఆమె ఎవరి మీదా విసుక్కోలేదు, అందరం భయపడ్డాం.

శనివారం ఉదయం విమానంలో హార్న్ ఐలండ్ వెళ్ళింది. అక్కడి నుంచి చెల్లెలి కొడుకు పడవలో మూడు గంటలు. ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు సరిలేవు. ఆ దీవి ఇసుకలో కాలు పెట్టేసరికి ఉప్పునీళ్ళలో నిలువునా తడిసి ముద్దయింది.

తలీటా అమ్మమ్మ పేరు రెబెకా. ఎనభై నిండాయి. వాకిట్లో చాప మీద కూర్చుని మొగలి ఆకు చీలుస్తోంది. వచ్చిన మనిషిని తలెత్తి చూసి, "ముందు బట్టలు మార్చుకో" అని తన గౌను ఒకటి ఇచ్చింది. తర్వాత టీ వచ్చింది. బూడిదలో కాల్చిన రొట్టె, కొబ్బరిపాలలో ఉడికిన చేప వచ్చాయి. చేపలు పడుతున్నాయా అని ఆంటీ అడిగింది. చర్చి కప్పు కారుతోందని అవ్వ చెప్పింది. దీవుల్లో వచ్చీ రాగానే పని మాట ఎత్తేవాళ్ళని మనిషిగా లెక్కెయ్యరు. ఆంటీ తన మంచి చెవి అవ్వ వైపు ఉండేలా సర్దుకుని కూర్చుంది. తిండి అయి, రెండో గ్లాసు టీ కూడా అయ్యాక అవ్వే అంది.

"నా మనవరాలికి ఏమైంది?"

"ఏమీ కాలేదు పెద్దమ్మా. బాగుంది."

"బాగుంటే నువ్వు ఈ మోకాళ్ళేసుకుని ఇంత దూరం రావు."

డల్సీ ఆంటీ హెడ్‌సెట్ గురించి చెప్పలేదు. ముందు తన ఎడమ చెవి గురించి చెప్పింది. మా దగ్గర ఎన్నడూ చెప్పని సంగతి అది.

"పంతొమ్మిదేళ్ళప్పుడు హార్న్ ఐలండ్‌లో విమానాలకి సామాన్లు ఎక్కించే పనికి కుదిరాను పెద్దమ్మా. చెవులకి పెట్టుకోమని మూతలిచ్చారు. మా మేస్త్రీ మా పెదనాన్న వరస. పెద్దాయన మాట్లాడుతుంటే చెవులు మూసుకుని నిలబడతామా? ఆయన నోరు తెరిచినప్పుడల్లా నేను ఎడమ చెవి మూత పక్కకి తోసేదాన్ని. ఆయనేమో పొద్దుట్నించీ సాయంత్రం దాకా ఆపకుండా మాట్లాడేవాడు. ఇంజన్లు అలా తిరుగుతూనే ఉండేవి. తొమ్మిదేళ్ళు. మర్యాదకని ఒక చెవి ఇచ్చేశాను."

"మరి ఆ పెద్దాయనకి చెప్పలేదా?"

"ఎలా చెప్తాను? ఆయన బాధపడడూ? పోయేదాకా ఆయనకి తెలీదు. తెలిసుంటే, ఓసి పిచ్చిమొహమా పెట్టుకోవే అనేవాడు. అంత మంచివాడు. నేనే చెప్పలేదు."

అప్పుడు హెడ్‌సెట్ సంగతి చెప్పింది. సందు గురించి, ఏడు తప్పుల గురించి, మొగ్గల గురించి, గురువారం గురించి. "మీరిచ్చింది మంచిదే పెద్దమ్మా, ఆ పిల్ల తలకి కుదరలేదు. అది తియ్యదు. తియ్యకపోతే ఉద్యోగం ఉండదు" అంది.

రెబెకా అవ్వ చీల్చిన ఆకులన్నీ ఒక కట్టగా కట్టింది. ముడి వేసింది. సముద్రం వంక చూసింది.

"గాలి మళ్ళింది. ఇప్పుడే బయల్దేరు, అలలు లేస్తాయి" అంది. అంతే. అవునని లేదు, కాదని లేదు.

 తిరుగు పడవలో డల్సీ ఆంటీ, కోరి వెళ్ళి ఒక ముసలామెని అవమానించి వచ్చాననుకుంది. దీవుల్లో కబురు ఆగుతుందా? సోమవారానికల్లా తలీటాకి చేరింది. పిల్ల హ్యాంగర్లోకి వచ్చి, ఆంటీ కుడిపక్కన నిలబడి, అందరూ వింటుండగానే అంది.

"నేను చెప్పుకోలేనిది మీరెళ్ళి చెప్పారు. ఇప్పుడు నేను వాళ్ళకి మొహం ఎలా చూపించను?"

 ఆ పిల్ల కోపం న్యాయమైనదేనని ఆంటీకి తెలుసు. ఆ తర్వాత తలీటా బీరువా వైపు రాలేదు. మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. మొగ్గల డబ్బా ఆంటీ జేబులోనే ఉండిపోయింది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకి హార్న్ ఐలండ్ విమానం, పరీక్ష అందులోనే. డల్సీ ఆంటీ ఎందుకు టికెట్ రాయించుకుందో తనకే తెలీదు. గేటు దగ్గర నిలబడింది. కెప్టెన్ ట్రెంబాత్, తలీటా సంచులు లాక్కుంటూ వస్తున్నారు. పిల్ల సంచికి ఆ పెద్ద హెడ్‌సెట్టే వేలాడుతోంది. ఆంటీని చూసి తలదించుకుంది.

కూర్చున్న ప్రయాణికుల్లోంచి ఒక ముసలామె లేచింది. చర్చికి వేసుకునే పువ్వుల గౌను, జుట్టులో మందారం. హెలికాప్టర్లో ఒకరోజు, విమానంలో ఒకరోజు ప్రయాణం చేసి, కెయిర్న్స్‌లో చుట్టాలింట్లో పడుకుని, తెల్లారకముందే వచ్చి కూర్చుంది రెబెకా అవ్వ. వెళ్ళి వాళ్ళ దారికి అడ్డంగా నిలబడింది.

"అమ్మమ్మా?" అంది తలీటా. 

"వంగు."

పిల్ల వంగింది. అవ్వ సంచి నుంచి హెడ్‌సెట్ విప్పి, మొదట ఎలా పెట్టిందో అలాగే రెండు చేతులతో మనవరాలి తలమీద పెట్టింది. పెదవులు కదిపి ఏదో ప్రార్థన చేసింది. ట్రెంబాత్ గడియారం చూసుకోబోయి, మానేసి, టోపీ తీసి చేత పట్టుకున్నాడు. అవ్వ కళ్ళు తెరిచి, అవే చేతులతో ఆ హెడ్‌సెట్‌ని తీసేసింది.

"మేం పెట్టాం, మేం తీశాం. ఏదీ డల్సీ, ఆ మొగ్గలేవో ఇటివ్వు."

ఆంటీ జేబులోంచి డబ్బా తీసి ఇచ్చింది. అవ్వ దాన్ని తలీటా అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది.

"ఇదీ మేం ఇచ్చిందే అనుకో. పో, పెద్దాయన నిలబడ్డాడు."

ప్రయాణం గంట నలభై నిమిషాలు. డల్సీ ఆంటీ, అవ్వ పక్కపక్కన కూర్చున్నారు. అవ్వ ఆ పెద్ద హెడ్‌సెట్ తనే తగిలించుకుంది, మీట కూడా నొక్కించుకుంది. "ఎంత నిశ్శబ్దంగా ఉందే" అని మురిసిపోయి నిద్రపోయింది. ఆంటీకి నిద్రెక్కడిది? మూసిన కాక్‌పిట్ తలుపు వంకే చూస్తూ కూర్చుంది. లోపల ఎవరు పిలుస్తున్నారో, ఎవరు పలుకుతున్నారో ఇక్కడ వినపడదు. నీలం నీళ్ళ మీద మబ్బు నీడలు కనపడ్డాయి. విమానం వంగింది, దిగింది. చక్రాలు నేలని తాకడం కూడా తెలియలేదు.

హార్న్ ఐలండ్‌లో కంచె అవతల జనం. తలీటా నడిపే విమానం చూద్దామని ఆమె దీవి నుంచి పడవలేసుకుని ముప్పైమంది దాకా వచ్చారు. వాళ్ళ చూపంతా తమ పిల్ల తలమీద తాము పెట్టిన దానికోసమే. మెట్ల మీద ముందు కనపడింది రెబెకా అవ్వ. హెడ్‌సెట్ నెత్తిన పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగుతోంది. కంచె దగ్గర గోల ఠక్కున ఆగిపోయింది. తర్వాత ఎవరో మగ గొంతు అంది.

"అవ్వా, విమానం నువ్వే నడిపావా ఏంటి?"

నవ్వులు పుట్టాయి. అవ్వ నవ్వలేదు. వెళ్ళి కంచె పట్టుకుని నిలబడింది.

వెనకాల ట్రెంబాత్ దిగాడు. చుట్టూ తిరిగి డల్సీ ఆంటీ కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటి కూడా తప్పలేదు ఆంటీ. దిగేముందు ఒక చిన్న విమానం పిలిచింది, నాకే అందలేదు, తను అందుకుంది. పాసయింది."

ఆంటీ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. తలీటా ఖాళీ చెవులతో మెట్లు దిగి, కంచె దాకా వచ్చి, తలదించుకుని నిలబడింది. ఇవతల అమ్మమ్మ, అవతల ఊరంతా.

"అందరూ వినండి" అంది అవ్వ. "మనమిచ్చింది దీని తలకి సరిపోలేదు. అది తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. కాని ఈ పిల్ల ఉద్యోగం పోగొట్టుకోడానికైనా సిద్ధపడింది గాని మనకి ఆ ముక్క చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళ నుంచి పిల్లలకి మర్యాద నేర్పాను. అంత భయపడేట్టు నేర్పానని మొన్న ఒకావిడ తడిబట్టలతో వచ్చి చెప్తేగాని నాకు తెలీలేదు. సిగ్గు దానిది కాదు, నాది."

 అవ్వ మనవరాలి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"ఇకనుంచి ఏది సరిగా లేకపోయినా నా మొహం మీదే చెప్పు. చెప్తావా?"

తలీటా కళ్ళనిండా నీళ్ళు.  అమ్మమ్మ మొహంలోకి చూసింది.

"చెప్తా అమ్మమ్మా" అంది. "ఆ హెడ్‌సెట్ నువ్వు వెనక్కి తిప్పి పెట్టుకున్నావు. మైకు నీ మెడ వెనకాల ఉంది."

అవ్వ చేత్తో తడుముకుని చూసుకుంది. నిజమే.  ముసలామె దాన్ని తీసి, తిప్పి, సరిగ్గా పెట్టుకుని, "ఇప్పుడు?" అని అడిగింది.

"ఇప్పుడు బాగుంది" అంది తలీటా.